ప్రెస్సు ఎక్కడికీ కదలదు

పొద్దున్నే టీ గ్లాసు పక్కన ఒక కాగితం పెట్టింది కూతురు. ఊరికి దూరంగా వెలసిన కొత్త పారిశ్రామికవాడలో షెడ్డుకి అద్దె ఒప్పందం అది. తండ్రి కళ్ళజోడు పెట్టుకుని రెండు లైన్లు చదివాడో లేదో, నాలుగు ముక్కలు చేసి పారేశాడు.

"ప్రెస్సు ఎక్కడికీ కదలదు!"

"అది జిరాక్సు నాన్నా. సంతకం ఎప్పుడో అయిపోయింది."

"ఎవర్నడిగి చేశావు? నేను చచ్చాననుకున్నావా?"

"పొద్దున్నే అవేం మాటలండీ!" అంది తల్లి వంటింట్లోంచి. ఆవిడ మాట ఆ ఇంట్లో ఎవరు విన్నారు గనక!

కాలు విరిగి రెండు నెలలు మేడ దిగలేదాయన. కింద ప్రెస్సు కూతురికి అప్పగించి, మంచం మీదే ప్రూఫులు దిద్దుకుంటూ, ప్రూఫులో నాలుగు తప్పులు పడితే కూతుర్లో నలభై పట్టేవాడు. నిన్ననే కాలికి కట్టు విప్పారు. నోటికైతే ఏనాడూ కట్టు లేదు.

"ప్రెస్సంటే ఒట్టి మెషిననుకున్నావా? ఎదురుగా అచ్చు ప్లేట్లు చేసేవాడు, పక్కన కాగితం కోసే కటింగ్ మాస్టారు, మూలన బైండరు. సిరా అయిపోతే ఒక్క కేకేస్తే డబ్బా వస్తుంది. వీళ్ళందర్నీ నీ షెడ్డులో మొలిపిస్తావా?"

"ఒక్కసారి కిందకి దిగి చూడండి."

"చూడ్డమేంటి, నీకే చూపిస్తా పద!"

కర్ర టకటకలాడించుకుంటూ దిగి, సందు అదిరేలా "మాస్టారూ!" అని కేకేశాడు.

పక్కన మాస్టారి కొట్టుండే చోట ఒక అద్దాల తలుపు తెరుచుకుంది. ఎవరో కొత్తమ్మాయి తల బయటపెట్టి, "అంకుల్, లోపల మీటింగ్ అవుతోంది. కొంచెం మెల్లగా..." అని తలుపేసుకుంది. ఎదురుగా ప్లేట్ల దుకాణం లేదు, కాఫీ షాపు ఉంది. బైండరు షట్టరు మీద అద్దె బోర్డు వేలాడుతోంది.

తండ్రి కూతురి వైపు తిరిగాడు. "ఎప్పుడు పోయారు?"

"మీరు మంచంలో ఉండగానే. ఆఫీసులవాళ్ళు నాలుగింతల అద్దె ఇస్తామనేసరికి ఓనర్లు ఖాళీ చేయించారు. ముందు మాస్టారు వెళ్ళారు, ఆయన వెనకాలే తక్కినవాళ్ళు. అందరూ ఆ కొత్త వాడలోనే ఉన్నారు. మీ నోటికి జడిసి ఎవరూ చెప్పలేదు."

"అబద్ధం! నువ్వు పైకి పంపిన ప్రతి పుస్తకం అంచూ చూశాను. అది మాస్టారి కోతే!"

"మాస్టారి కోతే!" ఇప్పుడు కూతురు అరిచింది. "తెల్లారగానే స్కూటరు మీద కట్టలు వేసుకుని గంటన్నర పోయి కోయించుకొస్తున్నాను. మళ్ళీ గంటన్నర వెనక్కి. వానొస్తే నా ఒంటిమీద కోటు తీసి కాగితానికి కప్పాను. మీరేమో పక్క కొట్టు నుంచి రావడానికి ఇంతసేపా, కాళ్ళు పడిపోయాయా అని తిట్టారు. ఒక్కరోజైనా బదులు చెప్పానా?"

ఆయనకి తిట్టినవన్నీ గుర్తొచ్చాయి. మెట్టు మీద కూలబడి మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా?"

"ముందు కాలు నయం కానిద్దామని."

కాసేపటికి ముక్కు తుడుచుకున్నాడు. "నీ షెడ్డుకి మాస్టారు ఎంత దూరం?"

"మధ్యలో గోడే. అందుకే కదా చవకలో వచ్చిన హైవే షెడ్డు వదిలేశాను."

"మరి నిలబడి చూస్తావేంటి? బండి తియ్యి!"

ఆయన స్కూటరు వెనక సీటెక్కి, సీటు వెనకున్న కడ్డీ పట్టుకున్నాడు. కట్టల తాళ్ళు ఒరిసి ఒరిసి దాని రంగంతా లేచిపోయి ఉంది. దారి పొడుగునా ఆ గరుకు మీంచి చెయ్యి తియ్యలేకపోయాడు.