పావలా చెల్లని వీధి

రాజగోపాల్ ఎప్పటిలాగే ఆరున్నరకు అంగడి తలుపులు తీశాడు. వాకిట్లో నీళ్లు చల్లి, దేవుడి పటానికి ఊదొత్తి వెలిగించి, బియ్యం మూటల మూతులు విప్పి పెట్టాడు. పుంగనూరు బస్టాండు పక్క వీధిలో పదిహేనేళ్లుగా అదే అంగడి. ఆ 2005 వేసవిలో మాత్రం తూకం బల్ల పైన కొత్తగా ఒక అట్ట వేలాడుతోంది. దాని మీద ‘పావలాలు తీసుకోబడవు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

అది అతనొక్కడి నిర్ణయం కాదు. మదనపల్లెలో సరుకులిచ్చే హోల్‌సేల్ వ్యాపారి పావలాల సంచిని చూడగానే మొహం తిప్పుకున్నాడు. దాంతో వీధిలోని అంగళ్లవాళ్లంతా కూర్చుని మాట్లాడుకున్నారు. వర్తక సంఘం పెద్ద గోపాలస్వామి అందరికీ ఒకే రకం అట్టలు రాయించి పంచాడు. పావలాను ప్రభుత్వం రద్దు చేయలేదు, బ్యాంకు కూడా వద్దనలేదు. అయినా నెల తిరిగేసరికి ఆ వీధిలో పావలాకు విలువ లేకుండా పోయింది.

ఆ మార్పు అందరికంటే ఎక్కువగా తగిలింది రాజగోపాల్ తల్లికే. భర్త పోయిన నాటి నుంచి సిద్దమ్మ బస్టాండు మూలలో గోనెపట్ట పరుచుకుని కొత్తిమీర, కరివేపాకు అమ్ముతోంది. చిన్న కట్ట పావలా. కొడుకు అంగడి పెట్టి నిలదొక్కుకున్నాక కూడా ఆమె ఆ చోటు వదల్లేదు. "ఇంకా యాల ఈ పని?" అని అతను చాలాసార్లు అడిగాడు. "ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయప్పా" అని తప్పించుకునేది.

ఆ ఉదయం ఆమె ఒక గుడ్డసంచిని రెండు చేతులతో మోసుకొచ్చి తూకం బల్ల మీద పెట్టింది.

"మూడొందలు ఉండాదప్పా. అన్నీ పావలాలే. నోట్లు ఇయ్యి. నీ కూతురు శ్వేత టెన్తు ఫస్టు క్లాసులో పాసైంది గదా, బిడ్డకి వెండి పట్టీలు కొనిస్తానని మాటిచ్చినా."

అంగట్లో నలుగురు బేరగాళ్లు ఉన్నారు. వాళ్ల చూపులు సంచి మీద నుంచి అట్ట మీదికి, అట్ట మీద నుంచి రాజగోపాల్ మొహం మీదికి వచ్చాయి.

"అమ్మా, అట్ట సూడలేదా? నీ ఒక్కదానికి తీసుకుంటే రేపు ఊరంతా తెచ్చి ఈడ పోస్తారు."

"నువ్వు తీసుకోకపోతే ఇంకెవురు తీసుకుంటారు?"

"ఎవురూ తీసుకోరు. అదే సెప్తాండా." అతను గల్లాపెట్టె తెరిచి మూడు వంద నోట్లు తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. "ఇంద, పట్టీలు కొనుక్కో. ఆ సంచి యాడన్నా పారెయ్."

సిద్దమ్మ చెయ్యి చాపలేదు. "పారెయ్యాల్నా?" అంది నెమ్మదిగా. "నేను నిన్ను ఊరికే ఇమ్మని అడగలేదు నాయనా. మార్సి ఇమ్మన్నా."

"రెండూ ఒకటే గదమ్మా!"

ఆమె సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది. తల్లికి ఎప్పుడూ ఇంతే మొండితనం అనుకుంటూ రాజగోపాల్ నోట్లను తిరిగి గల్లాలో వేశాడు.

మర్నాడు పది గంటలకు భార్య శాంతకుమారి టిఫిన్ క్యారియర్‌తో వచ్చి చెప్పింది.

"అత్తమ్మ పొద్దున్నే కుప్పం బస్సెక్కింది. అక్కమ్మ పిన్నమ్మ దగ్గరికి పోతాండానని సెప్పింది. ఆడ పావలా ఇంకా నడస్తాండాదంట."

"మూడొందల కోసం అంత దూరమా? నేను ఇస్తానంటే తీసుకోలేదే!"

"మీరు నలుగురిలో పారెయ్‌మన్నారంట గదా." శాంతకుమారి క్యారియర్‌ను బల్ల మీద గట్టిగానే పెట్టింది. "రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు ఆయమ్మ."

మధ్యాహ్నం అంగట్లో ఫోన్ మోగింది. అవతల ఎవరో ఆడమనిషి గొంతు. పలమనేరు రోడ్డులో టీ అంగడి పెట్టుకున్న రత్నమ్మనని చెప్పింది. "మీ అమ్మ ఎండకు కండ్లు తిరిగి పడింది. ఇప్పుడు బాగుండాది, మజ్జిగ తాగించినా. వచ్చి తీసుకపోప్పా."

రాజగోపాల్ అంగడి భార్యకు అప్పజెప్పి స్కూటర్ తీశాడు. అరగంటలో అక్కడికి చేరాడు. టీ అంగడి పందిరి కింద నులక మంచం మీద సిద్దమ్మ కూర్చుని ఉంది. చెంపకు మట్టి అంటుకుని ఉంది. సంచి మాత్రం ఒళ్లోనే ఉంది.

"ఏమైందమ్మా? బస్సు యాల దిగినావు?"

"నేను దిగలేదప్పా, దించేసినారు. నోట్లన్నీ కొత్తిమీర ఇచ్చే తోటాయనకి ఇచ్చేసి వచ్చినా. టికెట్టుకి పావలాలు ఇస్తే ఆ కండక్టరు వద్దన్నాడు. పలమనేరు దాకా నడిసి పోదామనుకున్నా. ఎండ ఓర్సుకోలేకపోయినా."

అతనికి రక్తం మరిగింది. అరవై అయిదేళ్ల మనిషిని నడిరోడ్డు మీద దించేస్తారా? ఆ ప్రైవేటు బస్సు తిరుగు ట్రిప్పులో అదే దారిన వస్తుందని రత్నమ్మ చెప్పింది. అది కనబడగానే అతను రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. బస్సు ఆగగానే ఫుట్‌బోర్డు మీద నిలబడిన కండక్టరు చొక్కా పట్టుకున్నాడు.

"ముసలామెను, మా అమ్మను దించేదానికి నీకు మనసెట్లా వచ్చింది రా? పావలా గవుర్మెంటు దుడ్డు కాదా?"

కండక్టరుకు ముప్పై ఏళ్లుంటాయి. దేవేంద్ర అతని పేరు. చొక్కా విడిపించుకోలేదు, రాజగోపాల్ మొహంలోకి తేరిపారా చూశాడు.

"గవుర్మెంటు దుడ్డే సార్. మొన్న మీ అంగట్లో సబ్బు కొన్నా. చిల్లరకి నాలుగు పావలాలు ఇస్తే అట్ట సూపించి వెనక్కి ఇచ్చినారు. తీసుకుంటే నేను వాటిని యాడ మార్సల్ల? సాయంత్రం మా ఓనరు తీసుకోడు. నా జీతంలో కోస్తాడు. ఆయమ్మ మీ అమ్మని నాకు తెలీదు. తెలిసినా నా చేతిలో ఏముండాది సార్?"

బస్సు కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. రాజగోపాల్ చెయ్యి దానంతట అదే జారిపోయింది. ఆ సబ్బు బేరం అతనికి గుర్తుంది. ఆ నాలుగు బిళ్లలను వేలితో వెనక్కి నెట్టిన సంగతి కూడా గుర్తుంది. బస్సు వెళ్లిపోయాక పందిరి కిందికి తిరిగి వచ్చాడు.

ఇంటికి పోదామని అతను అడిగితే సిద్దమ్మ ఒప్పుకోలేదు. "ఇంత దూరం వచ్చినా. కుప్పం పొయ్యే వస్తా" అంది. అతను స్కూటర్ రత్నమ్మ అంగడి దగ్గర ఉంచి, తర్వాతి బస్సులో తల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తన డబ్బుతో రెండు టికెట్లు తీసుకున్నాడు.

కుప్పం స్టేషన్ దగ్గర సిద్దమ్మ చెల్లెలు అక్కమ్మ కూరగాయలు అమ్ముతుంది. వాళ్లు చేరేసరికి బెంగుళూరు రైలుకు పోయేవాళ్లతో బేరం జోరుగా ఉంది. ఒకాయన మిరపకాయలు కొని చిల్లరలో రెండు పావలాలిచ్చాడు. అక్కమ్మ వాటివైపు చూడకుండానే డబ్బాలో వేసింది. తర్వాతి మనిషికి ఆ రెండింటినే తిరిగి ఇచ్చింది. అతను కూడా చూడకుండానే జేబులో వేసుకున్నాడు. రాజగోపాల్ నోరు తెరుచుకుని చూశాడు.

"పిన్నమ్మా, ఈడ పావలా ఎట్లా చెల్లతాండాది?"

అక్కమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "యాల చెల్లదప్పా? నేనిస్తే వాళ్లు తీసుకుంటారు. వాళ్లు తీసుకుంటారని నేను తీసుకుంటా. అంతే గదా!"

అంతే. అచ్చూ, లోహమూ, దాని మీది సింహాలూ అన్నీ అవే. ఇక్కడ నలుగురూ కాదనకపోవడంతో అది డబ్బుగా మిగిలింది. అక్కడ తామంతా కలిసి కాదన్నందుకు అది రేకుముక్క అయింది. గోపాలస్వామి మీదికో, మదనపల్లె వ్యాపారి మీదికో నెట్టేసి తప్పించుకోలేనని అతనికి తెలిసిపోయింది. ఆ నలుగురిలో తానూ ఒకడు.

అక్కమ్మ, ఆమె పక్కన కూర్చునేవాళ్లు చిల్లర కావలసివచ్చి సంచి మొత్తం పంచుకుని నోట్లు ఇచ్చారు. స్టేషన్ వీధిలోనే సిద్దమ్మ బేరమాడి పట్టీలు కొంది.

మర్నాడు రాజగోపాల్ అట్ట తీసేశాడు. మధ్యాహ్నానికల్లా గోపాలస్వామి వచ్చి నిలదీశాడు.

"సంఘం మాట కాదంటావా? నీ ఒక్కడితో పావలా బతకదప్పా."

"బతక్కపోవచ్చు సామీ. సంపే దాంట్లో మాత్రం నేనుండను."

గోపాలస్వామి అన్నదే చాలావరకు జరిగింది. ఊళ్లో మూలమూలనా దాచిన పావలాలన్నీ ఆ అంగడికే వచ్చాయి. రాజగోపాల్ వాటిని చిల్లరగా ఇస్తే కొందరు తీసుకున్నారు, కొందరు గొణిగారు. మిగిలినవాటిని మదనపల్లె బ్యాంకుకు మోసుకుపోయి, గుమాస్తా విసుగునంతా భరించి జమ చేసి వచ్చాడు. వీధిలో మరో రెండు అంగళ్లవాళ్లు మాత్రమే అట్టలు తీశారు. కండక్టరు దేవేంద్ర ఒకరోజు వచ్చి పావలాలతోనే సబ్బు కొనుక్కుని నవ్వి వెళ్లాడు.

ఇంట్లో మాత్రం తల్లి మునుపటిలా కలివిడిగా లేదు. ఒక మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఆమె అంగడి ముందు నీడలో కూర్చుంటే రాజగోపాల్ దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాడు.

"నామీద కోపం ఇంకా పోలేదామ్మా? పావలాలు తీసుకుంటాండా గదా."

"తీసుకోలేదని నాకు కోపం లేదప్పా. అంగడి అన్నాక నీ కష్టాలు నీకుంటాయి." సిద్దమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "నా దుడ్లు పారేసి, నీ దుడ్లు ఊరికే ఇస్తానంటివే, అది తట్టుకోలేకపోయినా. అన్నేండ్లు ఎండలో కూసున్నదానికి ఏం విలువ లేదా అనిపించింది. నువ్వు కూడా అట్లనుకుంటాండావేమో అనిపించింది."

రాజగోపాల్ తల వంచుకున్నాడు. ఆమెకు చీరలు కొన్నాడు, మందులు కొన్నాడు. ఆమె గోనెపట్ట ముందు నిలబడి ఒక్క కట్టయినా కొన్నది లేదు. కళ్లలో నీళ్లు ఆగలేదు. తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, అంగట్లో కొత్తిమీర కూడా పెడదామనుకుంటాండా. రోజూ ఇరవై కట్టలు కావల్ల. నువ్వు ఏస్తావా?"

సిద్దమ్మ కొడుకు వైపు అనుమానంగా చూసింది. "ఊరికేనా?"

"ఊరికే యాల? దుడ్లకే."

"కట్ట అర్ధరూపాయి. పెద్ద కట్టలు ఏస్తా."

"హోల్‌సేల్ బేరం గదమ్మా, కొంచెం తగ్గించుకో. ఇరవై కట్టలకి ఎనిమిది రూపాయలు."

"తొమ్మిది. అంతకు తక్కువైతే నాకు గిట్టదు."

"సరే, తొమ్మిది."

"రేపు పొద్దున ఏడుకి తెస్తా. తూకం బల్ల మీద చోటు పెట్టు" అంటూ సిద్దమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. నాలుగడుగులు వేశాక కొంగు మళ్లీ కళ్లకు అద్దుకుంది. బస్టాండు మూలకు చేరేలోపే ఆమె గొంతు, వీధి చివరిదాకా వినిపించేలా, "కొత్తిమీరో..." అంటూ లేచింది.