గూడకు అవతలి తాడు

బంతి ఎగిరొచ్చి సరిగ్గా కృష్ణవేణి కాళ్ళ దగ్గర బురదలో పడింది. పరికిణీ నిండా బురద చుక్కలు.

"ఎవురప్పా అది? కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

వాగు గట్టు మీంచి లక్ష్మీపతి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఇనుప మూతి ఉన్న పొడుగాటి కర్ర. మదనపల్లె నుంచి వచ్చి ఆ ఊళ్ళో పిన్నమ్మ చౌడమ్మ ఇంట్లో ఉంటూ, రోజూ కుప్పంలో రైలెక్కి కోలారు గనుల దగ్గరి దొరల క్లబ్బుకు పోతుంటాడు. అక్కడ గోల్ఫ్ ఆడేవాళ్ళ సంచులు మోయడం అతని పని.

"తప్పయిపోయిందమ్మా. ఆ తెల్లగుడ్డ కట్టిన వెదురు కాడికి పోవాల. ఇటొచ్చింది."

కృష్ణవేణి గట్టు వైపు చూసింది. కర్ర తగిలిన చోటల్లా నేల గుంతలు పడి ఉంది.

"వారం నుంచి సూస్తాండా. బంతిని కొట్టేదానికంటే భూమిని కొట్టేదే ఎక్కువుండాది. శెనక్కాయలు పెరకతాండావా?"

అతనికి రోషం వచ్చింది. "నీకేం తెలుసు? ఇది దొరల ఆట. ఎనిమిదో క్లాసులో బడి మానేసినోళ్ళకు అర్థం కాదు."

ఆ మాట తగలకూడని చోట తగిలింది. నాయన బడి మానమన్న రోజు పుస్తకాల సంచి అటక మీద పెట్టి, ఏడవకుండా వచ్చి పొయ్యి ముందు కూర్చున్న పిల్ల ఆమె.

"ఇటియ్యి ఆ కర్ర."

లాక్కుంది. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, రోజూ గూడ వేసినట్టే నడుమును వెనక్కి తిప్పి ముందుకు వదిలింది. బంతి వెదురు దాకా పోలేదు కానీ, గీత గీసినట్టు దాని వైపే పోయి పడింది.

లక్ష్మీపతి నోరు తెరిచాడు. "ఎవురు నేర్పించినారు?"

"మా గూడ."

గూడ అంటే పెద్ద పనిముట్టేం కాదు. కిరసనాయిలు డబ్బాకు అటు రెండు, ఇటు రెండు తాళ్ళు. వాగుకు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, నీళ్ళలో ముంచి, ఊపి ఎత్తి కాలవలో పోస్తారు.

అతను గట్టు మీద కూలబడ్డాడు. గొంతు తగ్గింది.

"ఆదివారం క్లబ్బు సెక్రెటరీ ముందు కొట్టి సూపించాల. నెగ్గితే ఆట నేర్పే మాస్టారికి అసిస్టెంటు. లేదంటే బతుకంతా సంచులే. మాస్టారు తల వంచమంటాడు, నడుం తిప్పమంటాడు, మోచెయ్యి వంచొద్దంటాడు. ఒకటి గుర్తుంటే ఇంకోటి మరుస్తాండా."

"అన్ని పనులు ఒకేసారి సేస్తే మనిషి కింద పడతాడప్పా."

నాయన పుంగనూరు సంతకు పోయి మూడు రోజులకు గానీ రాడు. అవతలి తాళ్ళు ఊరికే పడి ఉన్నాయి. కృష్ణవేణి వాటిని ఒక్క క్షణం చూసింది. తీసి అతని వైపు విసిరింది.

"పట్టుకో. సేతులతో లాగొద్దు. సేతులు పట్టుకునేదానికే. ఎత్తేది నడుము."

మొదటి గూడ నీళ్ళు అతని నెత్తిన పడ్డాయి. రెండోవి ఆమె మీద పడ్డాయి.

"నాకు నీళ్ళు పోస్తాండావా, పొలానికా?"

"నువ్వే గదా అడ్డమొచ్చినావు!"

ఇరవయ్యో గూడకు ఇద్దరి నడుములూ ఒకే ఊపులోకి వచ్చాయి. డబ్బా తనంతట తనే లేచినట్టు లేచింది.

"బరువే తెలీలేదే!"

"నీ బంతికి గూడా తెలీకూడదు. పో, కొట్టు."

ఆ సాయంత్రం నేల గుంత పడకుండా బంతి లేచింది. మూడో రోజు వెదురుకు తగిలింది. అతను కేక వేసి, మళ్ళీ గూడ తాళ్ళు పట్టుకున్నాడు. అప్పుడే అవతలి గట్టున పక్క చేని గంగులమ్మ గడ్డిమోపు కింద పడేసి నోరు నొక్కుకుంది.

ఆ ఊళ్ళో ఒక గూడకు ఎదురెదురుగా నిలబడేది ఇంటివాళ్ళే. పెళ్ళీడు పిల్ల పరాయివాడికి అవతలి తాడు అందించిందంటే, వాడికి మాటిచ్చినట్టే.

దీపాలు పెట్టేవేళకు నాయన రంగప్ప సంత నుంచి దిగాడు. వాకిట్లో సగం ఊరు, మధ్యలో లక్ష్మీపతి. అమ్మ నాగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"నాకు తెలీదు పెద్దాయనా," లక్ష్మీపతి ముఖం పాలిపోయింది. "మాది టౌను. మా పక్క మోటారు పంపులు."

రంగప్ప కూతురి వైపు తిరిగాడు. "వానికి తెలీదు. నీకు తెలుసు గదా?"

"తెలుసు నాయినా. తెలిసే ఇచ్చినా."

లక్ష్మీపతి చప్పున ఆమె వైపు తిరిగాడు.

"సిగ్గుండాల!" అంది గంగులమ్మ.

"యాల సిగ్గు? బడి మానమన్నారు, మానినా. అప్పుడు నన్నెవురూ అడగలా. ఇది నా సేత్తో నేనిచ్చిన తాడు. ఎవురు సెప్పినా ఎనక్కి తీసుకోను."

"ఆదివారం పరీక్షంట గదా. వానికి ఉద్యోగం రానీ. అప్పుడు మాట్లాడదాం," అన్నాడు రంగప్ప.

"వచ్చినా రాకపోయినా నాది ఇదే మాట."

రంగప్ప మీసం కింద ఏదో కదిలింది. "సరే. వానినడిగినావా?"

ఊరంతటికీ జవాబు చెప్పిన పిల్లకు అతన్ని అడగాలన్న సంగతే తట్టలేదు. మొదటిసారి భయంగా అతని వైపు చూసింది.

"అడిగుంటే మొదటి రోజే సరేనని సెప్పేవాణ్ణి," అన్నాడతను నేల చూస్తూ. "బడి గురించి అంత మాట అన్నానే, దానికి తిడుతుందని గమ్మునుండా."

ఆదివారం సాయంత్రం తుంపర పడుతోంది. ఆ చినుకులకు నారు తడవదని రంగప్ప గూడ ఆపలేదు. కృష్ణవేణి చూపంతా కుప్పం బాట మీదే. మూడుసార్లు నీళ్ళు నాయన కాళ్ళ మీద పోసింది.

"నన్ను తడిపితే రైలు ముందు రాదమ్మా."

బాట మలుపులో లక్ష్మీపతి కనిపించాడు. నిలువునా తడిసి ఉన్నాడు. వచ్చి కర్రను గట్టుకు ఆనించాడు.

"బంతి ఏమైందప్పా?" రంగప్పే అడిగాడు.

"సెక్రెటరీ, మాస్టారు, జెండా, అన్నీ మర్సిపోయినా. ఎదురుగా ఈయమ్మే నిలబడినట్టు ఊపినా. పోయి జెండా కాడ పడింది. ఒకటో తేదీ నుంచి అసిస్టెంటు, మామా."

"మామనా! అప్పుడేనా?"

లక్ష్మీపతి నాలిక్కరుచుకున్నాడు. రంగప్ప చేతిలోని తాళ్ళను కాసేపు చూసి, అతని అరచేతుల్లో పెట్టాడు.

"ఇంకా అరెకరం తడవాల. నడుముతో ఎత్తు."

అని గట్టెక్కి, వెనక్కి చూడకుండా ఇంటి దారి పట్టాడు.

"వంగు," అంది కృష్ణవేణి.

ఇద్దరూ ఒక్కసారే వంగారు.