మాట వినిపించే తెర

ఫూల్ చిక్కుడు గింజలు మెత్తబడ్డాయో లేదో గరిటెతో నొక్కి చూసి, నిమ్మకాయ పిండి, జీలకర్ర పొడి చల్లి, దౌలత్ ఆ గిన్నెను మనవరాలి ముందు పెట్టింది. కింద వీధిలో ట్రామ్ గణగణమంటూ వెళ్లింది. అది ఏడుంపావుది. షురూక్ ఎక్కాల్సింది ఏడున్నరది.

"ఇంకో రొట్టె తిను."

"చాలు అమ్మమ్మా. ఇప్పటికే స్కర్టు బిగుసుకుపోతోంది."

"బిగుసుకోవడానికి నీ ఒంట్లో ఏముందని? గట్టిగా గాలి వీస్తే ఎగిరి సముద్రంలో పడతావు."

"పడితే బూరీ ఈదుకుంటూ వచ్చి పట్టుకుంటుందిలే."

బూరీ అంటే చేప పేరు. కంప్యూటర్‌లో షురూక్‌తో కలిసి ఆడే స్నేహితురాలి ముద్దుపేరు కూడా అదే. రోజూ సాయంత్రం ఐదింటికి షురూక్ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటే, గంటసేపు ఆ బూరీతోనే మాటలు, నవ్వులు. ఆ పిల్ల లావుగా, ఎర్రగా, తిండిపుష్టితో ఉంటుందని దౌలత్ ఊహించుకుంది. "ఒకసారి ఇంటికి తీసుకురావే, కడుపునిండా పెడతాను" అని తలుపు బయటినుంచి ఎన్నిసార్లు కేకేసిందో. షురూక్ ఎప్పుడూ ఏదో ఒక సాకు చెప్పేది.

పిల్ల మెట్లు దిగాక దౌలత్ బాల్కనీలోకి వచ్చి, నీలం స్కర్టు వీధి మలుపు తిరిగేదాకా చూసింది. అది ఆమెకు నలభై ఏళ్లుగా ఉన్న అలవాటు. ఏడాదిన్నరలో వచ్చేస్తానని బాగ్దాద్ పనికి వెళ్లిన భర్త కూడా ఆ మలుపే తిరిగాడు. తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. ఆ ఉత్తరాలు చదవడం కోసమే ఆమె, ఎవరినీ అడగకుండా, తనంతట తాను అక్షరాలు నేర్చుకుంది.

బుధవారం కోర్టు. షురూక్‌కి పదిహేనేళ్లు నిండాయి. విడాకులయ్యాక పిల్లను తల్లికి ఇచ్చారు. ఆ తల్లి, అంటే దౌలత్ కూతురు సుహేర్, రెండో పెళ్లి చేసుకుని మన్సూరా వెళ్లింది. అప్పుడు చట్ట ప్రకారం పిల్ల అమ్మమ్మ చేతికి వచ్చింది. కైరోలో ఉండే తండ్రి హాతిమ్‌కి దక్కింది వారానికి మూడు గంటలు. శుక్రవారం, ఇక్కడి యువజన క్లబ్బు తోటలో, ప్లాస్టిక్ కుర్చీల్లో. పక్క బల్ల దగ్గర దౌలత్. పదిహేను నిండాక న్యాయమూర్తి పిల్లనే అడుగుతాడు, నువ్వెవరి దగ్గర ఉంటావని.

మొన్న శుక్రవారం ఆ పక్క బల్ల నుంచి దౌలత్ చెవిన పడిన మాట ఆమెను మూడు రోజులుగా నిద్ర పోనివ్వడం లేదు.

"మీ స్క్రీన్ మధ్యలో నల్లగీత ఇంకా ఉందా కన్నా? నా దగ్గరికి వచ్చావంటే మొదట కొనేది మంచి స్క్రీనే" అన్నాడు హాతిమ్.

ఎర వేస్తున్నాడు, అనుకుంది దౌలత్. సరే, ఆ ఎర నేనే ముందు వేస్తాను.

ఆమె పిల్ల గదిలోని బల్ల కిందికి వంగి, కంప్యూటర్ పెట్టె మీది స్టిక్కర్‌లోని అంకెలన్నీ ఒక కాగితం మీద దిద్దుకుని, స్మూహాలోని కంప్యూటర్ల బజారుకు బయల్దేరింది. మూడు దుకాణాల్లో కుర్రాళ్లు ఆమెను చూసి ఫోన్ చార్జర్లు చూపించారు. నాలుగో దుకాణం యజమాని మిలాద్ బట్టతల, పెద్ద కళ్లద్దాల మనిషి. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఏం కావాలి హాజ్జా?" అన్నాడు, పెద్దావిడను పిలిచే మర్యాదతో.

"ఆటలాడుకునే స్క్రీన్. బొమ్మ బాగా కనబడాలి. పిల్ల దాన్ని వదిలి ఎక్కడికీ పోకూడదు."

"అలాంటిదైతే దేవుడి దుకాణంలో అడగాలి. ఇంతకీ మీ కంప్యూటర్‌లో ఏ గ్రాఫిక్స్ కార్డుంది?"

"నల్లది."

"అన్నీ నల్లవే హాజ్జా!" అని నవ్వి, ఆమె ఇచ్చిన కాగితం అందుకుని చూసి తలూపాడు. "ఇదిగో, ఈ చవకది మీకొద్దు, దగ్గరగా కూర్చుంటే చుక్కలు లెక్కపెట్టొచ్చు. ఆ పెద్దది నాలుగు వేల చుక్కలది. దాన్ని లాగాలంటే గుర్రం కావాలి, మీ పెట్టెలో ఉన్నది గాడిద. ఏమీ అనుకోకండి, మంచి గాడిదే. మధ్య రకం తీసుకోండి. ఇరవై ఏడు అంగుళాలు, అడ్డంగా రెండున్నర వేల చుక్కలు. సెకనుకి నూట అరవై ఐదు సార్లు బొమ్మ మారుతుంది."

"అన్నిసార్లు మారడం దేనికి నాయనా? కుదురుగా ఉండకూడదా?"

"కుదురుగా కనబడాలంటేనే అన్నిసార్లు మారాలి."

దౌలత్‌కి ఆ మాట అర్థం కాలేదు గాని నచ్చింది. మధ్య రకంలో రెండు మిగిలాయి. రెండూ పదకొండు వేల పౌండ్లే. మొదటిదాంట్లో రంగులు కాస్త నిండుగా ఉన్నాయి. రెండోదానికి అడుగున చిన్న చిన్న కన్నాల వరుస ఉంది.

"ఇవేంటి?"

"స్పీకర్లు. దండగ. ఆటలాడే పిల్లలు ఎటూ హెడ్‌ఫోన్ పెట్టుకుంటారు. మొదటిది తీసుకోండి, మనవరాలు మీ చెయ్యి ముద్దుపెట్టుకుంటుంది."

దౌలత్ ఆ కన్నాల మీద వేలు రాసింది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పిల్లకు ఇంట్లో మనిషి పిలుపు వినబడదు. ఒకే ఇంట్లో ఉండి రోజుకో గంట ఎక్కడికో వెళ్లిపోయినట్టే ఉంటుంది. స్పీకర్లుంటే చెవులు తెరుచుకుంటాయి. ఆ నవ్వులేవో తనకీ వినబడతాయి.

"ఇదే ఇవ్వు" అంది.

"హాజ్జా, నేను చెప్పేది..."

"నా ఇంట్లో మాట వినబడాలి నాయనా. రంగులు నాకెటూ సరిగ్గా కనబడవు."

షురూక్ బడినుంచి వచ్చేసరికి పెట్టె మంచం మీద ఉంది. పిల్ల కాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఒక్క అరుపు అరిచి అమ్మమ్మ మెడను కావలించుకుంది. ఆ వెంటనే ఆమె మొహం ఎందుకో వాడిపోయింది. "ఇంత డబ్బు ఎందుకు పెట్టావు అమ్మమ్మా?" అని మాత్రం అంది. పాత స్క్రీన్ తీసి, కొత్తదానికి తీగలు కలిపి, అలవాటుగా హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంది. దౌలత్ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఐదు గంటలైంది. పుదీనా ఆకులు గ్లాసులో వేస్తుండగా, ఇంటినిండా ఒక మగగొంతు మోగింది.

"షోషో! వచ్చావా కన్నా? లెక్కల పరీక్ష ఎలా రాశావ్? ఏమైనా తిన్నావా?"

హెడ్‌ఫోన్‌లోకి వెళ్లాల్సిన గొంతు కొత్త స్క్రీన్ స్పీకర్లలోంచి వస్తోంది. షురూక్‌కి చెవులు మూసేసిన హెడ్‌ఫోన్‌లో ఏమీ వినబడక, కంగారుగా తీగలు లాగి చూస్తోంది. "హలో? హలో? బూరీ, నీ మాట రావట్లేదు!"

"నాకు నీ మాట బాగానే వస్తోంది. నీ బూరీ ఇక్కడే ఉన్నాడమ్మా" అంది ఆ గొంతు, నవ్వుతూ.

ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడిన దౌలత్‌కి ఆ గొంతెవరిదో చెప్పక్కర్లేదు. ఐదేళ్లుగా ప్రతి శుక్రవారం పక్క బల్ల దగ్గర వింటోంది. షురూక్ వెనక్కి తిరిగి చూసి, హెడ్‌ఫోన్ తీసేసింది.

"బూరీ ఎవరే?"

"నాన్న."

"ఎన్నాళ్లనుంచి?"

"నాలుగేళ్లనుంచి. రోజూ గంట. నువ్వు తలుపు బయట నిలబడి, బూరీకి అన్నం పెడతాను, తీసుకురా అంటుంటే నాన్న పడీపడీ నవ్వేవాడు. తర్వాత్తర్వాత నవ్వడం మానేశాడు."

"నా ఇంట్లో ఉండి, నా తిండి తిని, నాకే అబద్ధాలు!"

"అవును, అబద్ధాలే చెప్పాను. నిజం చెబితే తీగ పీకేసేదానివి."

"పీకేసేదాన్నే! వాడు నిన్ను ఎత్తుకుపోయాడు. మర్చిపోయావా? క్లబ్బునుంచి తిన్నగా కైరో తీసుకుపోయి వారం రోజులు దాచాడు. ఏడు రోజులు! నేను ఆ బాల్కనీలోంచి కదల్లేదు."

"తప్పే. చేసింది తప్పేనని ఆయనే అంటాడు. ఆ ఏడు రోజులకి ఐదేళ్లు శిక్ష వేశావు. ఫోన్ లేదు, ఇంటికి రాకూడదు. క్లబ్బులో చేతిగడియారం బల్లమీద పెట్టుకుని కూర్చునేదానివి. రైలు ఆలస్యమై నాన్న ఇరవై నిమిషాలు లేటుగా వస్తే, ఆ ఇరవై నిమిషాలు చివర్లో కలపమని ఎంత ఏడ్చాను! కలిపావా? రానుపోను ఐదు గంటలు రైల్లో కూర్చునేవాడు అమ్మమ్మా, నన్ను మూడు గంటలు చూడ్డానికి."

దౌలత్ ట్రేను మంచం మీద పెట్టి, పక్కనే కూలబడింది. నోటివరకూ వచ్చిన తిట్లన్నీ ఎక్కడికో పోయాయి. మూడు రోజులుగా నిద్ర చెడగొట్టిన ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది.

"అయితే బుధవారం వాడి దగ్గరికే పోతానంటావు."

"లేదు. నీ దగ్గరే ఉంటానని చెబుతాను. స్క్రీన్ కొన్నావని కాదు. ఎప్పుడో అనుకున్నాను. నాన్నకీ చెప్పేశాను."

"ఎందుకు?"

"నేను పోతే నువ్వు ఆ బాల్కనీలోంచి లోపలికి రావు గనక."

కోరుకున్న మాట అదే. ఆ మాట కోసమే పొద్దున్నుంచి దుకాణాల వెంట తిరిగింది. తీరా వినేసరికి అది గుండెకు రాయిలా తగిలింది.

"అత్తయ్యా" అంది స్క్రీన్.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"నన్ను మన్నించండి. కాల్ కట్ చేయలేదు పిల్ల. నేనైనా కట్ చేయాల్సింది. చేయలేకపోయాను."

తొమ్మిదేళ్లయింది ఆ మనిషి తనను అత్తయ్యా అని పిలిచి. దౌలత్ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "ఆ చెవులవి తగిలించుకోకు. అలాగే మాట్లాడు" అని మాత్రం అంది.

మంగళవారం ఐదింటికి మళ్లీ ఆ గొంతు ఇంటినిండా పరుచుకుంది. దౌలత్ మొలోఖియా ఆకు తరుగుతూ వింది. కుట్రలేమైనా ఉంటాయేమోనని చెవి ఒగ్గి వింది. ఏమీ లేవు. చలికోటు వేసుకున్నావా, పంటినొప్పి తగ్గిందా, ఎడమవైపు చూడు శత్రువు వస్తున్నాడు, మీ అమ్మమ్మ కాళ్లనొప్పులు ఎలా ఉన్నాయి. హాతిమ్ తను బాగుచేసే లిఫ్టులో మేకతో సహా ఇరుక్కుపోయిన పెద్దమనిషి కథ చెబితే పిల్ల పగలబడి నవ్వింది.

ఆకు తరుగుతున్న కత్తి ఆగింది. ఆ రోజుల్లో బాగ్దాద్‌నుంచి ఒక గొంతు, రోజుకో గంట కాదు, ఏడాదికి ఒక్క గంట, ఏ డబ్బాలోంచైనా సరే, తిన్నావా దౌలత్ అని అడిగి ఉంటే? ఇంటికప్పు అమ్మి అయినా ఆ డబ్బా కొనుక్కునేది. ఎవరైనా బల్లమీద గడియారం పెట్టి ఆ గొంతును ఆపేసి ఉంటే, వాళ్లను చచ్చేదాకా శపించేది. తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని ఆమె చాలాసేపు ఏడ్చింది.

బుధవారం న్యాయమూర్తి గదిలో షురూక్ చేతులు కట్టుకుని నిలబడింది. ఒకవైపు హాతిమ్, ఇంకోవైపు దౌలత్.

"చెప్పమ్మా, ఎవరి దగ్గర ఉంటావు?"

"అమ్మమ్మ దగ్గర సార్."

హాతిమ్ తల వంచుకున్నాడు. ఆ జవాబు అతనికి ముందే తెలుసు. అయినా భుజాలు కిందికి జారాయి. న్యాయమూర్తి కలం తీశాడు.

"రాయకండి బాబూ" అంది దౌలత్.

"ఏంటమ్మా?"

"అది అబద్ధం చెబుతోంది. నా మొహం చూసి చెబుతోంది. మమ్మల్నిద్దర్నీ బయటికి పంపించి అడగండి."

"అమ్మమ్మా!" షురూక్ మొహం ఎర్రబడింది. "నిన్నెవరు మాట్లాడమన్నారు?"

"ఎవరూ అనలేదు. ఇన్నాళ్లూ అడక్కుండానే అన్నీ చేశాగా, ఇదీ అంతే."

న్యాయమూర్తి ఇద్దర్నీ బయటికి పంపాడు. వరండాలో ఒక్కటే బెంచీ ఖాళీగా ఉంది. దౌలత్, హాతిమ్ దానిమీద పక్కపక్కన కూర్చున్నారు. ఆమె చేసిన పని వెనక్కి తీసుకుందామా అని రెండుసార్లు తలుపు వైపు చూసింది.

"మంచి స్క్రీన్ ఎంచారు అత్తయ్యా. నేనైతే స్పీకర్లు లేనిది కొనేవాణ్ని" అన్నాడు హాతిమ్ మెల్లగా.

"దుకాణంవాడు కూడా అదే అన్నాడు." "ఆ ఇరవై నిమిషాలు... కలపాల్సింది నేను."

హాతిమ్ జేబులోంచి రుమాలు తీసి, తన కళ్లకు కాకుండా ఆమె చేతిలో పెట్టాడు.

తలుపు తెరుచుకుంది. షురూక్ ఏడుస్తూనే బయటికి వచ్చి, ఇద్దరి ముందూ నిలబడింది.

"నాన్న దగ్గరికి వెళ్తానని చెప్పాను. బడి అయిపోయాక, వేసవిలో" అంది.

దౌలత్ తలూపింది. రెండుమూడుసార్లు ఊపింది, ఒకసారి సరిపోనట్టు.

"వారం వారం తీసుకొస్తాను అత్తయ్యా. ఇంటికే. ఎంతసేపు ఉండమంటే అంతసేపు" అన్నాడు హాతిమ్.

"భోజనం వేళకి రండి. పొద్దున్నే చెప్పాలి, బియ్యం ఎక్కువ పొయ్యాలి గదా."

షురూక్ కింద కూర్చుని అమ్మమ్మ ఒళ్లో మొహం పెట్టుకుంది. "నువ్వొక్కదానివీ ఎలా ఉంటావు అమ్మమ్మా? ఏడవకుండా ఉంటావా?"

"ఉండను. ఏడుస్తాను" అంది దౌలత్, పిల్ల తలమీద చెయ్యి వేసి. "నా ఏడుపు నేను ఏడుస్తానే తల్లీ. అది నువ్వు మోయక్కర్లేదు."

గుమాస్తా వచ్చి తర్వాతి కేసు వాళ్ల పేర్లు పిలిచాడు. ఒక చంటిపిల్లాణ్ని ఎత్తుకున్న తల్లి, ఆమె వెనక మొహం తిప్పుకున్న తండ్రి లోపలికి వెళ్లారు. దౌలత్ లేవబోయి తూలింది. ఒక చెయ్యి మనవరాలు పట్టుకుంది, ఇంకో చెయ్యి అల్లుడు పట్టుకున్నాడు. ఆమె రెండూ విడిపించుకోలేదు.