పూతకు ముందు నీళ్లు

దివాకర్ పొద్దంతా వంగి బిగించిన డ్రిప్పు పైపులను అమృత ఒక్క చూపు చూసి, "మొత్తం ఇప్పు" అంది.

మేడిపల్లి పక్కన అనంత్ రావుగారి మామిడితోట అది. అమృత ఆయన కూతురు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, ఆ ఏడాదే పట్టుబట్టి తోటను తన చేతిలోకి తీసుకుంది. దివాకర్ కోరుట్లలో పైపుల షాపులో ఫిట్టర్. సొంతూరు సిరిసిల్ల, ఇంట్లో మరమగ్గాలు.

"ఎందుకు మేడం? లీకేజ్ ఉన్నదా?"

"చెట్టు మొదట్ల పెట్టినవ్ నీళ్లు. తాగే ఏర్లు గాడుంటయా? కొమ్మల నీడ ఎంత దూరం పడితే, ఏర్లు గంత దూరం పోతయ్. నోరు ఒకదిక్కుంటే గిలాస ఒకదిక్కు పెడితే ఎట్ల?"

"చెట్టుకు నోరు ఏడుంటదో నాకేం ఎర్క మేడం? మా ఇంట్ల మగ్గాలుంటయ్ గని చెట్లుంటయా?"

ఆమె ఫక్కున నవ్వింది. అతను అన్నీ విప్పి, మళ్లీ బిగించాడు. ఇలా నవ్వుతానంటే ఇంకోసారి తప్పు బిగించినా నష్టం లేదనుకున్నాడు, పిచ్చివాడు.

ఫోన్ చేస్తే మోటర్ నడిచే స్టార్టర్ కూడా అతనే పెట్టాడు. పనిచేస్తుందో లేదో చూడటానికి తన నంబరు ఎక్కించి, తీయడం మరిచిపోయాడు. ఆ తర్వాత వాల్వు చూస్తానని ఒకసారి, ఫిల్టర్ కడుగుతానని ఒకసారి వచ్చాడు. ఒకనాడు ముసురులో తడుస్తూ వచ్చి, డ్రిప్పు సరిగ్గా పడుతుందో లేదో చూస్తానన్నాడు.

"వాన పడంగ డ్రిప్పు చూసుడేంది?" అంది అమృత.

ఆమె గొడుగు అతనివైపు కొంచెం జరిపింది.

ఎండ ఉన్ననాడు చెట్ల కింద కూర్చుని ఆమె చెప్పేది, అతను వినేవాడు. "ఆకులకు కండ్లకు కనవడనంత సన్నని రంధ్రాలుంటయ్. ఎండ బాగ కొడితే చెట్టు వాటిని మూసుకుంటది."

"అంటే అలుగుతదా?"

"అలుగుడు కాదు. ఉన్న నీళ్లు పోకుండ జాగ్రత్త పడుతది. మనిషి లెక్క ఉరికి నీడకు పోలేదు గదా. ఉన్న జాగల ఉండే అన్నీ చూసుకోవాలె."

కదలలేని ప్రాణికి ఇంత తెలివి ఉంటుందని దివాకర్ ఎన్నడూ అనుకోలేదు. ఆ సాయంత్రం కోరుట్ల వెళ్తూ దారిలో చెట్లను కొత్తగా చూశాడు. తానూ ఒకచోట వేరు పట్టేశానని అప్పుడే అతనికి అర్థమైంది.

చలి మొదలయ్యాక అమృత ట్రైనింగుకని హైదరాబాద్ వెళ్లింది. దివాకర్ తోటకు వచ్చి చూస్తే నేల పగుళ్లిచ్చి ఉంది, ఆకులు కళ తప్పాయి. మోటర్ బంద్. వాళ్లింట్లో ఎండాకాలం వాళ్లమ్మ మగ్గాల కింద నీళ్లు చల్లుతుంది, గాలి పొడిబారితే పోగులు తెగుతాయని. ఎండితే తెగుతుందనేది పుట్టినప్పటి నుంచి అతను చూసిన సత్యం. అమృతను అడగాలని తోచలేదు. తిరిగి వచ్చేసరికి చెట్లు కళకళలాడుతుంటే సంతోషిస్తుందనుకున్నాడు. రోజూ కోరుట్ల నుంచి ఫోన్ చేసి మోటర్ నడిపాడు. బోరు వైపు వాల్వు ఒక్కటే తెరిచి ఉంది. సగం తోటకు నీళ్లు పారాయి.

జనవరిలో సంబరంగా వచ్చాడు. ఒకవైపు సగం తోట విరగబూసి ఉంది. బోరు వైపు సగంలో ఒక్క పూత లేదు, అంతా రాగిరంగు లేత చిగురు. మధ్యలో అనంత్ రావు, ఎదురుగా తలవంచుకుని అమృత.

"నీళ్లు బంద్ చేసిన్నంటివి. మరి సగం తోట ఆకెట్లేసింది? నీతోని కాదు బిడ్డా. తోట గుత్తకిస్త. ఏ బేరగాడన్న కాయ తెంపుకొని పోతడు."

"నేను మోటర్ ముట్టలే బాపూ."

"నువ్వు ముట్టకుంటే దయ్యం ముట్టిందా?"

దివాకర్ బండి ఇంకా స్టాండు కూడా వేయలేదు. తిప్పుకుని వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. వాళ్ల ముందుకే నడిచాడు.

"దయ్యం కాదు సార్. నేనే."

చెప్పాల్సిందంతా చెప్పాడు. అమృత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పూతకు ముందు నీళ్లియ్యద్దు దివాకర్! నీళ్లు దొరుకుతే చెట్టు ఆకులేసుకుంట కూసుంటది. నీళ్లు తగ్గి, చలి తాకితేనే పూత తీస్తది. నన్నొక్క మాట అడగకపోతివి?"

"ఎండవెట్టుకుంట చూసుడు నాతోని కాలే."

అనంత్ రావు చిగురేసిన చెట్ల వైపు చెయ్యి చూపాడు. "పూసిన సగం గుత్తకిస్త. ఆకేసిన సగం ఎవ్వడు తీసుకోడు. అది మీ ఇద్దరికే ఇడుస్తున్న. వచ్చే పూతకు చూస్త. పుయ్యలేదో, మొత్తం తోట గుత్తకే."

ఆ ఏడాది అమృత దివాకర్‌తో చెట్ల ముచ్చట తప్ప ఇంకేదీ మాట్లాడలేదు. ఆదివారం సిరిసిల్ల పోవడం మాని అతను తోటకే వచ్చాడు. కొమ్మలు కత్తిరించాడు, ఎరువు వేశాడు. వానలు తగ్గాక ఆమె మోటర్ బంద్ చేయమంటే తన చేతులతోనే ఫ్యూజు పీకి ఆమెకిచ్చాడు. మళ్లీ నేల పగిలింది. చూస్తుంటే ప్రాణం విలవిలలాడేది. అయినా ఊరుకున్నాడు. ప్రేమంటే పెట్టడమే అనుకున్న మనిషికి ఊరుకోవడం కష్టమైన విద్య.

"నాతోని మాట్లాడుడు గూడ బంద్ వెట్టినవ్" అన్నాడొకనాడు.

"మొత్తం బంద్ పెట్టలే గదా. ఎండిపోతవా ఏంది?"

"ఎండితే ఎండుత. నువ్వంటే నాకు పానం అమృతా. గది మాత్రం బంద్ పెట్టుడు నాతోని కాదు."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది కానీ లేచి వెళ్లలేదు.

డిసెంబరు చివర్లో పొద్దున్నే ఫోన్ వచ్చింది. "దివాకర్... పూసింది. ఆకు కనవడుతలేదు, గంత పూసింది. జల్ది రా. నువ్వు లేకుంట ఒక్కదాన్నే చూడబుద్ది అయితలేదు."

పూత రాలి పిందెలు నిలిచాక అనంత్ రావు తోటకు వచ్చాడు. కొమ్మ వంచి చూశాడు, వదిలాడు. పక్కపక్కన నిల్చున్న ఇద్దరినీ చూశాడు.

"తోట గుత్తకియ్యను. దివాకర్, మీ అవ్వను, బాపును ఒకపారి తోలుకరా."

"ఎందుకు సార్?"

"ఎందుకేందయ్యా? పిందె బఠాణి గింజంత అయింది." ఆయన అమృత వైపు తిరిగాడు. "ఆ ఫ్యూజు ఆయనకియ్యి బిడ్డా. ఇగ నీళ్లు పెట్టచ్చు."