ఎప్పటికీ రెండేళ్ళే

"ఈ లెక్క తప్పు," అంది ఎర్రపెన్ను.

బడిపిల్లల లెక్కల పుస్తకాలు వేసే ఆ ఆఫీసులో ఆమె చేరింది ఆ పొద్దునే. రాసినవాళ్ళ లెక్కలన్నీ తాను చేసి చూసి, తప్పున్నచోట ఎర్ర గీత గీయడం ఆమె పని. ఆ గీతల ధాటికి మధ్యాహ్నానికల్లా ఆమె అసలు పేరు మర్చిపోయి అందరూ ఎర్రపెన్ను అనసాగారు.

లెక్క రాసినవాడు కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. లెక్కలు అల్లడంలో తనను మించినవాడు లేడని అతనికి గట్టి నమ్మకం.

"ఏదీ, చదవండి."

"అక్క తమ్ముడి కంటే రెండేళ్ళు పెద్దది. పదేళ్ళ తర్వాత వాళ్ళ వయసుల తేడా రెండేళ్ళు. అయితే ఇప్పుడు ఎవరి వయసెంత?"

"అక్క వయసు x, తమ్ముడి వయసు y. తెలియనివి రెండు, వాక్యాలు రెండు, సమీకరణాలు రెండు. ఇంకేం కావాలండీ మీకు?"

"రాసి చూపించండి మరి."

అతను ధీమాగా రాశాడు. మొదటిది x − y = 2. రెండోది (x + 10) − (y + 10) = 2. పదికి పది కొట్టేశాక మిగిలింది చూసి అతని నవ్వు ఆగిపోయింది.

"చెప్పిందే మళ్ళీ చెప్పారు, రచయితగారూ. అక్కకు మూడేళ్ళన్నా, ముప్ఫయ్యేళ్ళన్నా మీ లెక్క తలూపుతుంది. రెండో వాక్యం కొత్త సంగతి చెప్పాలి."

బయట వాన మొదలైంది. అతను కాసేపు కిటికీలోంచి చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. రెండో చూపే కాస్త ఎక్కువసేపు నిలిచింది.

"పదేళ్ళ తర్వాత ఇద్దరి వయసులూ కలిపితే నలభై అంటే?"

"అక్కకు పదకొండు, తమ్ముడికి తొమ్మిది. ఇప్పుడు కుదిరింది," అని ఆమె నవ్వేసింది.

ఆ తర్వాత అతని లెక్కల్లో తప్పులు పెరిగాయి. దిద్దించుకోవడానికి అతను ఆమె బల్ల దగ్గరే కాపురం పెట్టాడు. తప్పులు కావాలనే రాస్తున్నాడని ఆఫీసంతా గుసగుసలాడుకుంది, ఆమెకూ తెలుసు. తెలిసీ ఒక్కోటీ ఓపిగ్గా దిద్దింది. అలాంటి ఓపిక ఊరికే రాదు కదా.

ఒక సాయంత్రం ఒకే గొడుగులో బస్టాపుకు నడుస్తూ అతను మనసులో మాట చెప్పేశాడు.

"నాకూ నువ్వంటే ఇష్టమే," అంది ఆమె. "కానీ నీకంటే రెండేళ్ళు పెద్దదాన్ని. మీ అమ్మగారు కాదంటే దొంగచాటు పెళ్ళికి మాత్రం నేను రాను."

"అయితే పద, అమ్మనే అడుగుదాం."

అమ్మ దర్జీ. ఇంటి ముందుగదే ఆవిడ దుకాణం. కొడుకు సంగతంతా చెప్పినా కుట్టుమిషను మీంచి తలెత్తలేదు.

"పెళ్ళినాటికి వాడికంటే రెండేళ్ళు పెద్దదానివి."

"అవునండీ."

"నలభై ఏళ్ళొచ్చినా పెద్దదానివే."

"అవును."

"అరవైలో చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

అడుగుతున్నది అతని తల్లి. అయినా తప్పు కళ్ళ ముందు కనబడుతుంటే ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఆంటీ, మీరు మూడుసార్లు అడిగారు గానీ సంగతి ఒక్కటే. అరవైలోనూ తేడా రెండేళ్ళే. అందులోంచి నేనెలాంటిదాన్నో, మీ అబ్బాయి ఎలాంటివాడో తేలదు. కొత్తది అడగండి, చెప్తాను."

మిషను ఆగింది.

"సరే, కొత్తదే అడుగుతా. వీడు తప్పు చేస్తే ఏం చేస్తావు?"

"మొహం మీదే చెప్తాను. దిద్దుకునేదాకా పక్కనే కూర్చుంటాను."

"నువ్వురా? తప్పని ఈ పిల్ల చెప్తే?"

"ముందు వాదిస్తానమ్మా. ఆ తర్వాత దిద్దుకుంటాను."

"చిన్నప్పటినుంచీ చెప్తున్నా, నా మాటకి ఒక్కటీ దిద్దుకోలేదు," అంటూ అమ్మ లేచింది. మెడలోని టేపు తీసింది. "ఇలా రామ్మా. భుజాలు నిటారుగా పెట్టు."

"ఎందుకాంటీ?"

"నా కోడలి పెళ్ళిబట్టలు ఇంకెవరో కుడితే నా పరువేం కాను? ఆంటీ ఏమిటి, అత్తయ్యా అను."

"అత్తయ్యా," అంది ఎర్రపెన్ను. చెప్పినట్టే భుజాలు నిటారుగా పెట్టింది.

"మరి నా కొలతలమ్మా?" అన్నాడు అతను.

"నీవి నాకు తెలుసులేరా. తెలియాల్సినవి ఈ పిల్లవే," అని అమ్మ ఆమె భుజాల మీద టేపు పరిచింది.