తెల్లి వీపు మీది ఎండ

ఆ మధ్యాహ్నం ఇంట్లో నలుగురున్నారు. అరుగు మీద అన్నం తింటున్న నాగయ్య తాత. ఊయల ఊపుతున్న అమ్మ. ఊయలలో, మొన్ననే పుట్టెంటికలు తీయించుకుని గుండుతో నవ్వుతున్న తమ్ముడు. ఒంటిపూట బడి నుంచి వచ్చి బ్యాగు ఒక మూలకు విసిరేసిన వర్షిత. నాన్న, అదే బాపు, ఇంట్లో లేడు, గొర్రెల మంద దగ్గర ఉన్నాడు.

తెల్లిని కూడా లెక్కపెడితే ఐదుగురు. వర్షిత ఎప్పుడూ లెక్కపెడుతుంది.

తెల్లి గొర్రెపిల్ల. మందలో అన్నీ నల్లవే, ఇదొక్కటే తెల్లగా పుట్టింది. పుట్టగానే దాని తల్లి చనిపోయింది. అప్పటి నుంచి తమ్ముడి పాత సీసాతో వర్షితే పాలు పట్టి పెంచింది. ఇప్పుడు వర్షిత ఎటు పోతే అది అటే. ఒకసారి క్లాసులోకి కూడా వచ్చేసి, హాజరు పిలిచేటప్పుడు అరిచింది.

తాత పక్కన గొర్రెబొచ్చుతో నేసిన నల్ల గొంగడి మడతపెట్టి ఉంది. అంత ఎండలో దాన్ని కప్పుకునే ఇంటికి వచ్చాడు.

"తాతా, ఎండల గొంగడేంది? ఉడికిపోవా?" అని నవ్వింది వర్షిత.

"ఉడకది బిడ్డా. గిది కప్పుకుంటెనే ఎండ కొట్టది."

"అబద్ధం!"

"రేపు నాతోని మందకాడికి వస్తవు గదా. గప్పుడు చూద్దువు, నువ్వే గుంజుకుంటవ్."

మంద దగ్గరికి తీసుకుపొమ్మని వర్షిత ఉగాది నుంచి అడుగుతోంది. రేపే ఆ రోజు. తాత చెయ్యి కడుక్కుని కాసేపు నడుం వాల్చాడు.

పక్కింటి హీబా వచ్చింది. ఇద్దరిదీ అయిదో తరగతే. వేపచెట్టు కింద తెల్లి నోరు తెరిచి ఆయాసపడుతోంది.

"పాపం, ఎట్ల రొప్పుతుందో చూడు," అంది హీబా.

"అంత బొచ్చుంటే ఉడకపోయదా? ఇయ్యాల బడిల షీబా మేడం చెప్పలే? బొచ్చు ఎందుకుంటది? వెచ్చగ ఉండనీకి."

"అవు. మరి ఎండకాలంల వెచ్చగెందుకు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మందకు బొచ్చు తీసే పెద్ద కత్తెర గోడకు వేలాడుతోంది. తాతను అడుగుదామనుకుంది వర్షిత. తాత గురక పెడుతున్నాడు. అడగలేదు.

హీబా తెల్లి మెడ పట్టుకుంది. వర్షిత కత్తిరించింది. తాత తీస్తే గొర్రె ఒంటి మీద వేలి మందం బొచ్చు మిగిలేది. వర్షిత చర్మం కనిపించేదాకా తీసింది. నల్ల గొర్రెల చర్మం ఎలా ఉంటుందో గానీ, తెల్లిది మాత్రం లేత గులాబీ రంగులో ఉంది.

"అరే, మీ తమ్ముని గుండు లెక్క ఉంది!" అని హీబా పడీపడీ నవ్వింది.

తెల్లిని వేపచెట్టు నీడలోనే గుంజకు కట్టేసి, ఇద్దరూ హీబా వాళ్ల ఇంట్లో అష్టాచెమ్మకు కూర్చున్నారు. ఆట బాగా సాగింది. ఆ సంగతి నీడకు తెలియదు. అది మెల్లగా గోడ వైపు జరిగిపోయింది.

"ఓ వర్షితా! ఏం జేసినవే దీన్ని?"

అమ్మ కేక విని పరుగెత్తుకొచ్చింది వర్షిత. తెల్లి ఎండలో పక్కకు ఒరిగి పడి ఉంది. నాలుక బయటికి వచ్చింది. వీపంతా ఎర్రగా కందిపోయింది. పేరు పెట్టి పిలిచినా తోక కదలలేదు. పాలసీసా మూతి దగ్గర పెట్టినా నోట పట్టలేదు.

తాత లేచి వచ్చి దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ఇంటి వెనక గది, అర్రలో మట్టినేల చల్లగా ఉంటుంది. అక్కడ తడి గోనెసంచి పరిచి పడుకోబెట్టాడు.

"బకెటుతోని నీళ్లు గుమ్మరియ్యకు బిడ్డా. తడిగుడ్డ పెట్టి మెల్లగ అద్దు."

వర్షిత అద్దుతోంది. కన్నీళ్లకు గుడ్డ సరిగా కనబడటం లేదు.

"కత్తెర పట్టుమని నీకెవరు చెప్పిన్రు? పెద్ద మొనగత్తెవా?" అమ్మ కోపంగా అంది.

"నేను సుత పట్టుకున్న," అంది హీబా గుమ్మం దగ్గర నిలబడి, చాలా చిన్న గొంతుతో.

"తాతా, బతుకుతదా?"

"చూద్దాం. నువ్వైతే అద్దు." తాత గోనెసంచి సర్దుతూ అడిగాడు. "ఎందుకు తీసినవ్ బిడ్డా?"

"సల్లగ ఉంటదని."

తాత తిట్టలేదు. అమ్మను అద్దమని చెప్పి, వర్షితను వాకిట్లోకి తీసుకెళ్లి గొంగడి ఆమె తల మీద కప్పాడు. "పైన చెయ్యి పెట్టు," అన్నాడు. కాలింది. "ఇగ లోపల పెట్టు." లోపల అంత వేడి లేదు. గొంగడి కింద కాస్త నీడను ఎవరో దాచిపెట్టినట్టుంది.

లోపల తమ్ముడు ఏడ్చాడు. అమ్మ గుడ్డను హీబా చేతికిచ్చి, వాణ్ని ఎత్తుకుని నీళ్ల కుండ దగ్గరికి వాకిలి దాటింది. దాటేముందు వాడి గుండు మీద కొంగు కప్పింది.

"అమ్మా, కొంగెందుకు కప్పినవ్?"

"నెత్తిమీద జుట్టు లేకపాయె. ఎండ తాకదా వానికి?"

వర్షిత గొంగడి తీసి కాసేపు ఎండలో నిలబడింది. తర్వాత తన తల పట్టి చూసుకుంది. పైన జుట్టు కాలుతోంది. జడ పాయలోకి వేలు దూర్చి చూసింది. అడుగున తల కాలడం లేదు.

పొద్దు వాలాక తెల్లి సీసాను నాకింది. తర్వాత కొంచెం తాగింది. వర్షిత ఊపిరి పీల్చుకుంది.

"బొచ్చు వచ్చేదాక ఎండల పడొద్దు," అన్నాడు తాత. ఆ అర్ర కిటికీకి తలుపు లేదు. తాత తన గొంగడినే దానికి అడ్డంగా కట్టాడు.

మర్నాడు బడిలో వర్షిత లేచి నిలబడింది. "మేడం, బొచ్చు వెచ్చగ ఉండనీకే అన్నరు గదా?"

"మొదటిది అదే అన్న. రెండోది చెప్పేలోపల బెల్లు కొట్టిన్రు. నేను వెనక్కి తిరిగేసరికి మీరంత గేటు కాడున్నరు," అంది షీబా మేడం.

క్లాసంతా నవ్వింది. వర్షిత నవ్వలేదు.

మేడం మిగతావి చెప్పింది. తల మీద జుట్టు ఎండను ఆపుతుంది. కనురెప్పల వెంట్రుకలు దుమ్మును ఆపుతాయి. తర్వాత వర్షితను కళ్లు మూసుకోమని, చేతి మీది సన్నని నూగును దారప్పోగుతో తాకింది.

"చీమ!" అంది వర్షిత.

"చూసినవా? చర్మం కంటె ముందుగాల వెంట్రుకే చెప్పింది. ఇంకా ఏమేం పనులున్నయో అన్నీ తెల్వదు. పెద్ద పెద్దోళ్లు ఇంకా వెతుకుతనే ఉన్నరు."

తెల్లి వీపు మీద ఈగ వాలితే ఎలా తెలుస్తుందా అని వర్షిత ఆ రోజంతా ఆలోచించింది.

మధ్యాహ్నం తాత అన్నానికి వచ్చాడు. తల మీద పల్చటి తువాలు ఒక్కటే ఉంది. నుదుటి మీది చెమట ధారగా జారి, తెల్లటి గుబురు కనుబొమ్మల దగ్గర ఆగి, కళ్లలో పడకుండా పక్కలకు తిరిగి చెవుల వైపు పోతోంది. వర్షిత దాన్నే చూస్తూ నిలబడింది.

తిని లేచాక తాత అన్నాడు, "ఇగ నడువు బిడ్డా. మందకాడికి పోదం."

వర్షిత అర్రలోకి వెళ్లింది. స్టూలెక్కి కిటికీకి కట్టిన గొంగడి విప్పింది. దాని జాగాలో ఇంకో తడి గోనెసంచి కట్టింది. గొంగడి తెచ్చి తాత చేతిలో పెట్టింది.

"నువ్వు కప్పుకో తాతా."

"మరి పిల్ల?"

"నేనుంట. సంచి ఆరితే మల్ల తడుపుత. ఈగలు తోల్త."

"మందకాడికి రావా? ఉగాది నుంచి నా పానం తీస్తివి గదనే!"

"దానికి బొచ్చు వచ్చినంక ఇద్దరం వస్తం."

తాత ఆమెను చూసి గొంగడి కప్పుకున్నాడు.

"వర్షితా, అష్టాచెమ్మకు రావా?" వీధిలోంచి హీబా పిలిచింది.

"గింజలు పట్టుకుని నువ్వే రా! మెల్లగ రా, పండుకున్నది!"

వర్షిత నేల మీద కూర్చుంది. తెల్లి జరిగి వచ్చి ఆమె పాదం మీద గదవ ఆనించింది. గుమ్మంలోంచి వేడిగాలి కొట్టింది. దాంతో పాటే ఎండ లోపలికి వచ్చి తెల్లి వీపు మీద పడింది.

"తాతా, తలుపెయ్యి."

ఆ ఎండ సన్నబడింది. గీతంత అయింది. తాత తలుపు మూసేశాడు.