అరువు పులకింత

సన్యాసయ్య చేతి మీద వెంట్రుకలు లేవలేదు.

డాక్టర్ షమీమ్ తెర మీది గీత చూసింది. బల్లపరుపుగా ఉంది. అదే పాటను మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. లాబరేటరీ కిటికీలోంచి విశాఖ రేవు కనిపిస్తోంది. మనుషులు లేని క్రేన్లు వాటంతటవే కంటైనర్లు దించుకుంటున్నాయి. సన్యాసయ్య ముప్పయ్యేళ్ళు అలాంటి క్రేను మీదే కూర్చున్నాడు.

"రికార్డుకి లేవవమ్మా. ఆళ్ళు ఎదురుగా ఉండాల," అన్నాడు.

ఆళ్ళంటే 'జముకు జంక్షన్' బృందం. జముకు అనే తీగ వాయిద్యం మోగిస్తూ చెప్పే పల్లె కథకు ఎలక్ట్రిక్ గిటారు, సాక్సోఫోను కలిపి పాడతారు. ఇటు కథ చెప్పేవాళ్ళు, అటు గిటారు వాళ్ళు కూడా మొదట్లో వాళ్ళను వెక్కిరించారు. సన్యాసయ్య, అతని భార్య పైడితల్లి మాత్రం ఒక్క కచేరీ కూడా మానలేదు. పైడితల్లి పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి అతనికి కూరలో ఉప్పు తెలియదు, ఎండ తెలియదు. తన చెయ్యే ఎవరిదో పక్కన పెట్టినట్టుంటుంది. కచేరీలో మాత్రం, జముకు మోగగానే, ఆ చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అప్పుడు ఆ చెయ్యి తనదే అనిపిస్తుంది. నెలకొక్కసారి ఆ కాసేపటి కోసమే అతను మిగతా నెలంతా గడుపుతున్నాడు.

షమీమ్ కనిపెట్టిన పట్టీకి అలాంటి చెయ్యే కావాలి. ప్రతి వెంట్రుక మొదట్లోనూ ఒక చిన్న కండరం ఉంటుంది. అది బిగిస్తే వెంట్రుక లేస్తుంది. ఆ బిగువును పట్టీ కొలిచి, వైర్‌లెస్‌లో మిగతా పట్టీలకు పంపుతుంది. అవి కట్టుకున్న వాళ్ళందరికీ అదే పులకింత.

"ఆరు వేల మందికి మీ చెయ్యే ఆధారం, సన్యాసయ్యగారూ. ముందు వరుస కుర్చీ మీకు ఎప్పటికీ ఉంటుంది."

"మోకాళ్ళ నొప్పులు. నిలబడలేకపోతన్నాను," అని ఒప్పుకున్నాడతను.

కచేరీ రోజు అతన్ని వేదిక ఎదుట మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కవాళ్ళ తోపులాట వల్ల కొలత చెడుతుందని చుట్టూ నాలుగు వరుసలు ఖాళీ చేయించింది షమీమ్. మైదానమంతా పట్టీలు మెరుస్తున్నాయి.

బృందంలో కథ చెప్పే తవుడమ్మ మైకు ముందుకు వచ్చింది. కథ ఎత్తుకుని, రివాజు ప్రకారం ఆగి అడిగింది. "వింటన్నారా?"

"వింటన్నాం, చెప్పు!" అని జనం అరిచాకే జముకు మోగాలి. అరవకపోతే మోగదు.

ఎవరూ అరవలేదు. ఆరు వేల మంది తలలు వంచి తమ తమ చేతులు చూసుకుంటున్నారు.

"వింటన్నారా?"

"వింటన్నాం," అన్నాడు సన్యాసయ్య. అంత ఖాళీలో ఆ గొంతు అతనికే సిగ్గనిపించింది. తవుడమ్మ కాసేపు చూసి, జముకు తనే మోగించేసింది. పాట సాగింది. అతను చెయ్యి చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి.

"వస్తుందిలెండి, కంగారు పడకండి," అంది షమీమ్ వెనకనుంచి.

మూడో పాటకు అతను పట్టీ విప్పి కుర్చీలో పెట్టాడు. "ఒంటికి పోసుకొస్తానమ్మా" అని గేటు దాటాడు.

బయట గోడ పక్కన టికెట్లు దొరకని వాళ్ళు ఓ రెండొందల మంది ఉన్నారు. చేపలమ్మే నూకాలు ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద నిలబడింది. లోపలినుంచి తవుడమ్మ గొంతు వినపడింది. "వింటన్నారా?"

"వింటన్నాం, చెప్పూ!" అంది గోడ బయటి జనం ఒక్క పెట్టున. నూకాలు మోచేత్తో అతన్ని పొడిచింది. "ఏటి తాతా, నోరు ఇంటికాడ ఒగ్గీసినావేటి? అరువు!"

అరిచాడు. ఎవరో కాలు తొక్కారు. ఎవరి చెమటో భుజానికి అంటింది. జముకు మోగింది. వెంట్రుకలు మణికట్టునుంచి మోచేతి దాకా లేచాయి.

షమీమ్ పట్టీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అతను వద్దనేలోపే ఆ చేతికి బిగించేసింది. అప్పటికి పాట అయిపోయింది, వెంట్రుకలు మాత్రం ఇంకా దిగలేదు. లోపల గిటారిస్టు తెగిన తీగ మార్చుకుంటున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఆరు వేల మందికి ఒక్కసారిగా ఒళ్ళు జలదరించింది. ఈలలు, చప్పట్లు. గిటారిస్టు చేతిలో తీగతో బిత్తరపోయి నిలబడ్డాడు.

"చూశారా! లోపం పట్టీది కాదు, స్థలానిది," అంది షమీమ్ సంతోషం పట్టలేక.

నూకాలు అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "ఓలమ్మ, లోపలోళ్ళకి వచ్చినది ఈ చేతినుంచా? మాకూ కట్టండమ్మా అవి. మేవేటి పాపం చేసినాం?"

తరువాతి నెల సన్యాసయ్యను గోడ బయటే నిలబెట్టారు. అడిగిన వాళ్ళందరికీ షమీమ్ ఉచితంగా పట్టీలు పంచింది. అతన్ని ఎవరూ తొయ్యకుండా చుట్టూ తాడు కట్టించింది.

"వింటన్నారా?" అంది తవుడమ్మ లోపలినుంచి.

నూకాలు బుట్ట మీదనుంచి దిగి తాడు దగ్గర నిలబడింది. నోరు తెరవలేదు. "కానీ తాతా, నీదే ఆలిస్యం," అంది మెల్లగా.

గోడ బయట అందరూ అతని చేతి వంకే చూస్తున్నారు. సన్యాసయ్య కూడా దాన్నే చూస్తూ నిలబడ్డాడు.